యంత్రము పాపము చేయునా?



సంఘకాపరి సినిమానుగూర్చి వ్రాయుట యేమని కొందరు పెద్దలు నొసలు ముడుచుకొందురేమో. సినిమా చూచుట పాపమా కాదా అను వాదము నాకిప్పుడు అక్కరలేదు. మన యౌవనస్థులు చూచుచునే యున్నారు, నేనును చూచితిని. చూచి యేమి నేర్చుకొనుచున్నామనునదే నా ప్రశ్న.

యంత్రములు మనుష్యుని ఎక్కడికి తీసికొనిపోవునో ఊహించి చెప్పిన మూడు చిత్రములను చూతము. 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు తీసిన ఆదిత్య 369లో కాలయంత్రమెక్కినవారు మొదట కృష్ణదేవరాయల కాలమునకును, పిమ్మట 2504వ సంవత్సరమునకును పోవుదురు. అణుయుద్ధము నేలను పాడుచేయగా అప్పటి మనుష్యులు భూగర్భములో బ్రదుకుచుందురు. 2010లో శంకర్‌గారు తీసిన రోబోలో చిట్టి యను మరమనిషి, తనలో అమర్చబడిన ఎర్ర చిప్పువలన నరహంతకుడగును. తుదకు న్యాయస్థానపు ఆజ్ఞచొప్పున తన అంగములను తానే విప్పుకొనును. 2024లో నాగ్ అశ్విన్‌గారు తీసిన కల్కి 2898 ఏ.డి.లో గంగ ఎండిపోయియుండును. క్రింద కాశీలో జనులు నీటికి అల్లాడుచుండగా, పైన వ్రేలాడు కాంప్లెక్సులో కొద్దిమందికి నీళ్లును పచ్చదనమును సమృద్ధిగా నుండును.

ఊహ గొప్పదే. దానిని నేను ఎగతాళి చేయను. అయితే ఈ చిత్రములు చూచి లేచినవాని మనస్సులో మూడు తలంపులు నిలిచిపోవుచున్నవి: కీడు మన మనుమల మనుమలకుగాని రాదు, దోషము యంత్రమునది, లేక ఎవడో యొక దుష్టునిది, విడిపింపవలసినవాడు ఒక వీరుడు. ఈ మూడును నమ్మినవానికి చేయవలసిన పని యేదియు మిగులదు. టిక్కెట్టు కొని, కన్నీరు కార్చి, నిర్దోషియై ఇల్లు చేరును. నేను ఎదిరించునది దీనినే.

కల్కి చూచి వచ్చిన మా యౌవనస్థుడొకడు ఎండిన గంగనుగూర్చి చెప్పుచు కంట తడిపెట్టెను. ఆ వారములోనే అతని తండ్రి చీనీతోటలో ఏడవ బోరు వేయించెను. తండ్రిగాని కుమారుడుగాని ఆ రెంటికి సంబంధమున్నదని తలంపలేదు.

కర్నూలు, కడప సీమలలో మనము ప్రతిదినము నడుపు మహాయంత్రము బోరు. మన రాతినేలలో నీరు చెరువువలె నిలిచియుండదు. బండల పగుళ్లలో వాననీరు మెల్లమెల్లగా చేరును. ఆ పగుళ్లు గట్టును ఎరుగవు, సర్వే నంబరును ఎరుగవు. ఒకడు లోతుగా దింపినయెడల పొరుగువాని నీరు ఇతని వైపునకు దిగివచ్చును. 2004లో సేద్యమునకు ఉచిత కరెంటు వచ్చినది. మోటారుకు ఆటో స్టార్టరును తగిలించుకొంటిమి. మనము ఊరిలో లేకున్నను, కరెంటు రాగానే మోటారు తనంతట తానే లేచి తోడుచుండును. ప్రియులారా, చిట్టికొరకు మద్రాసు వెదకనేల? మరమనిషి మన చేనిలోనే యున్నాడు. వానికి ఎర్ర చిప్పు అమర్చిన దుష్టుడెవడు?

నేనును నిర్దోషిని కాను. కొన్ని యేండ్ల క్రిందట మా మందిరపు ఆవరణములో బోరు వేయించితిమి. టెంకాయ అరచేత పెట్టుకొని నీటిజాడ చూచువానిని నేను పరిహసించి, మోకరించి ప్రార్థించితిని. నీళ్లు పడగా స్తోత్రము చెల్లించితిమి. రెండు వేసవులు గడవకముందే ప్రక్కచేనిలో నొక విధవరాలి కపిలబావి ఎండెను. ఆమె మా సంఘస్థురాలే. ఆమె ఏమియు అనలేదు; బిందె చంకనిడుకొని మా కొళాయియొద్దకు వచ్చి నిలిచెను. కల్కిలో ఆ కాంప్లెక్సును చూచినప్పుడు ఆ బిందె నాకు జ్ఞాపకమునకు వచ్చినది. పైన నున్నది నేనే.

అట్లయిన మరల కపిల తోలవలెనా అని అడుగుదురేమో. వద్దు. బోరు లేనియెడల మనలో ఎన్ని కుటుంబములు వలసపోయి యుండునో నాకు తెలియును. యంత్రము పాపము చేయదు. దాని వెనుక దాగుకొనుటయే పాపము. ఆదాము తన తప్పును హవ్వమీద నెట్టెను. మనము మోటారుమీద నెట్టుచున్నాము. ఇస్సాకు పని వేరు. ఏశెకు, శిత్నా అను రెండు బావులయొద్ద జగడము లేవగా వాటిని విడిచి, జగడములేని మూడవదానికి రహెబోతు అని పేరుపెట్టెను. బావి త్రవ్వుట ఎరిగినవాడు బావిని విడుచుటయు ఎరిగియుండెను.

ఇది మనచేత కాదని చెప్పకుడి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో 2000 దశకములో కర్నూలు, కడపతో కూడ ఏడు జిల్లాల రైతులు, స్త్రీలును పురుషులును, తమ ఊరి వానను తామే కొలిచిరి. బావులలో నీటిమట్టము వ్రాసికొనిరి. యాసంగి పైరుకు ముందు కూర్చుండి, ఉన్న నీరెంత, ఏ పైరు పెట్టవచ్చునని లెక్క చూచుకొనిరి. అక్కడ వీరుడెవడును లేడు. ఒక కొలకర్రయు, లెక్కల పుస్తకమును, పొరుగువాడును ఉండిరి. 2002 నాటి వాల్టా చట్టము బోరునకు అనుమతి కోరుచున్నది. అనుమతి చీటీకంటె ముందు పొరుగువాని ముఖము చూడుడి.

మా మందిరపు మోటారుకు ఆటో స్టార్టరు తీసివేసితిమి. దినమునకు రెండు గంటలు చేతితో వేయుదుము. ఆ నీటిలో మొదటి బిందె ఆ తల్లిది. ఇది ప్రాయశ్చిత్తము కాదు, ఆరంభము మాత్రమే.

2898 వరకు ఆగనక్కరలేదు. రేపు కరెంటు రాగానే మీ మోటారు తనంతట తానే లేచును. దానిని లేపినదెవరని దేవుడు యంత్రమును అడుగడు.