పోటు వేళలు ఎవరికి చెబుతున్నారు?

మొన్న మైపాడు ఒడ్డున వల దులుపుకుంటున్న ముసలాయనకు కొత్త గాలం పట్టిన కుర్రాడొకడు ఫోను చూపించి పాఠం చెబుతున్నాడు. "పోటు టైము చూసుకోకుండా వేస్తే చేపలెట్టా పడతాయి తాతా?" ముసలాయన నవ్వి ఊరుకున్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది.

పోటు వేళ తెలిస్తే బుట్ట నిండినట్టేనని వీడియోల వాళ్లంతా ఊదరగొడుతున్నారు. గుజరాత్‌లో ఖంబాత్ దగ్గర పోటుకూ పాటుకూ తేడా పది మీటర్ల దాకా ఉంటుంది. నెల్లూరు తీరంలోనో, అమావాస్యకు కూడా ఆ తేడా మీటరుకు అటూ ఇటూనే. నడిసముద్రంలో మనవాళ్లు చూసేది గాలినీ, నీటి లాగునూ, నీటి రంగునూ. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ సైతం చేపల జాడ చెప్పడానికి సముద్రం వేడినీ, నీటి పచ్చదనాన్నీ ఉపగ్రహంతో కొలుస్తుంది గానీ పోటు పట్టిక తిరగేయదు.

పోటుకు నిజంగా విలువున్న చోటు ముఖద్వారం. రొయ్యపిల్ల పోటుతో పులికాట్ సరస్సులోకి వస్తుంది, పెరిగి పాటుతో సముద్రానికి మళ్లుతుంది. ఆ పాటుకు అడ్డంగా వల కట్టేవాడికి పోటు రోజుకు యాభై నిమిషాలు ఆలస్యమవుతుందని ఫోను చెప్పాలా? తిథి వింటే వేళ చెప్పేస్తాడు.

సరే, వేళ తెలిసింది. నీళ్లేవీ? రాయదొరువు, కొండూరుపాళెం ముఖద్వారాలు ఇసుక మేటేసి పూడిపోతుంటే పోటు ఎక్కణ్నుంచి లోపలికొస్తుంది? వేసవిలో సరస్సు మైళ్లకు మైళ్లు ఎండి ఉప్పు తేలుతుంది. తవ్వించండయ్యా అని మత్స్యకారులు మొత్తుకోవడం ఈనాటిది కాదు. ఆ సరస్సుకొచ్చే ఫ్లెమింగోల పండగకు మాత్రం స్టేజీలు, డ్యాన్సులు, మంత్రుల ఫొటోలు! ఆ పక్షులు తినేదీ ఆ నీళ్లలోదే కదా. 2022లో నెల్లూరు జిల్లాను చీల్చి ఆ తీరాన్ని తిరుపతికి రాసిచ్చారు. ఇక మొర ఆ వెంకన్నే వినాలి. పక్క రాష్ట్రం మరబోట్లు ఒడ్డు దాకా వచ్చి ఊడ్చుకుపోవడానికి కూడా పోటే కారణమంటారు కాబోలు.

ఏం చేయాలంటారా? ముందు తవ్వాలి. మళ్లీ పూడకుండా ఏం కట్టాలో ఇంజనీర్లు తేల్చుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎటూ వేట నిషేధం, మరపడవలు ఒడ్డునే ఉంటాయి. వచ్చే నిషేధానికైనా తవ్వకం యంత్రాన్ని రాయదొరువుకు పంపండి.