చేప నోరు చూసి గాలం కట్టాలి

మహారాష్ట్రలో గడ్‌చాందూర్ పక్కన అమలనాలా జలాశయం వానాకాలంలో నిండి అలుగు దూకుతుంటే చూడటానికి రాజురా నుంచి, చంద్రపూర్ నుంచి జనం వస్తారు. అలుగు ఆగాక ఆ జనం ఉండరు, గాలాలవాళ్లు మిగులుతారు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో, ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. జివతి గుట్టలు దాటితే ఇప్పటికీ ఆసిఫాబాదే. అందుకే ఈ గట్ల మీద మరాఠీతో పాటు తెలుగు, గోండీ, కొలామీ కూడా వినిపిస్తాయి. అమలనాలా, పకడిగుడ్డం, డోంగర్‌గావ్ లాంటి మధ్యతరహా ప్రాజెక్టులు చంద్రపూర్ జిల్లాలో సాగునీటి కోసం కట్టినవి. కానీ వాటి నీళ్లను నమ్ముకున్నవాళ్లు పత్తి రైతులొక్కరే కాదు. వల వేసే సంఘాలూ, ఒక కర్ర పట్టుకుని పొద్దంతా కూర్చునే మనుషులూ ఉన్నారు.

ఇలాంటి జలాశయాల మీద, సరిహద్దుకు ఇటు తెలంగాణ చెరువుల మీద, కార్పు చేపల కోసం బాగా వాడుకలో ఉన్న సరంజామా ఒకటుంది. తీగతో చుట్టిన స్ప్రింగు, దానికి నాలుగో ఆరో పొట్టి దారాలు, ఒక్కో దారం చివర ఒక ముల్లు. స్ప్రింగు నిండా తవుడు, పల్లీ చెక్క కలిపిన ముద్ద పెట్టి, ముళ్లన్నీ ముద్దలోకి నొక్కి, దూరంగా విసురుతారు. చేపలు ముద్దను పొడుచుకుంటూ తింటుంటే ఏదో ఒక ముల్లు ఏదో ఒక చేపకు తగులుకుంటుంది. చేపలు పడతాయి, కాదనలేం. అయినా ఆ కట్టును వదిలేయాలి. ఒక తంగూసుకు ఒకే ముల్లు ఉండాలి, అది కూడా ఏ చేప కోసం కూర్చున్నారో ఆ చేప నోటికి సరిపోయేలా కట్టాలి.

కార్పు అని ఒకే పేరుతో పిలిచే చేపలు ఒకే చోట తినవు, ఒకే తీరుగా తినవు. బొచ్చె నోరు పెద్దది, కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి పైకి తెరుచుకుంటుంది. మీసాలు లేవు. నీటి పైపొరల్లో తేలే సూక్ష్మజీవులను మొప్పల లోపలి జల్లెడతో వడగట్టి తింటుంది. అడుగున పడి ఉన్న ముద్ద దాని దారిలోనే ఉండదు. రవ్వు పెదవులకు కుచ్చులాంటి అంచు ఉంటుంది. నీటి నడిమి పొరల్లో తిరుగుతూ నాచును, మొక్కలను ఆ అంచుతో గీరి తినడం దాని అలవాటు. మోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది. అడుగున కుళ్లిన ఆకులు, ఒండ్రులోని తిండి దాని ఆహారం. బంగారుతీగకు రెండు జతల మీసాలు, ముందుకు గొట్టంలా సాగే నోరు. బురదను తవ్వి పీల్చి, పనికిరానిది ఊదేస్తుంది. నత్తనైనా నమిలే పళ్లు దాని గొంతులో ఉన్నాయి.

ఈ నాలుగింటికీ ఒకటే స్ప్రింగు విసిరితే, ఆ రోజు ఏ చేప దొరకాలో అదృష్టానికి వదిలేసినట్టే.

బొచ్చె కోసమైతే బెండు కట్టాలి. పొద్దున నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఎరను మూడు నాలుగు అడుగుల లోతున వేలాడదీసి, దాని చుట్టూ మేఘంలా విచ్చుకునే మేత వేయాలి. మెత్తగా దంచిన పుట్నాల పొడి, జల్లించిన తవుడు, కొంచెం బెల్లం సరిపోతాయి. ముద్దను పొడిపొడిగా పిసికితే అది అడుగుకు చేరేలోపు నీటిలో విడిపోతుంది. గట్టిగా పిసికితే ఉండలా మునిగి మోసుకు ఉపయోగపడుతుంది. మేతకు నీళ్లు ఎంత కలిపారన్నది ముల్లు ఎంత పెద్దదన్నదానికంటే ముఖ్యమని చాలామంది గమనించరు. రవ్వుకు బెండు సన్నగా, పొడవుగా ఉండాలి, చిన్న గుళ్లతో మొన మాత్రమే నీటిపైన కనిపించేలా తూకం వేయాలి. ఎందుకంటే రవ్వు ఎరను లాక్కుపోదు, పెదవులతో తడుముతుంది. లావు బెండు ఆ తడుములాటను చూపించదు. మోసుకైతే అదే బెండును కాస్త పైకి జరిపి, ఎర అడుగున ఆనేలా చేస్తే చాలు.

బంగారుతీగ దగ్గరికొచ్చేసరికి వ్యవహారం వేరు. అది ఎరను నోట్లోకి పీల్చుకుంటుంది, గట్టిదేదైనా తగిలితే అన్నంలో రాయి తగిలిన మనిషిలా ఉమ్మేస్తుంది. ఇంగ్లండ్‌లో ఈ చేప వెంట పడ్డవాళ్లు ఏళ్ల తరబడి ఈ ఉమ్ముడుతోనే తంటాలు పడ్డారు. 1952లో రెడ్‌మైర్ అనే చిన్న చెరువులో రిచర్డ్ వాకర్ దాదాపు 20 కిలోల చేపను బ్రెడ్డు ఎరతో పట్టి సంచలనం సృష్టించాడు. దాన్ని లండన్ జూకు తీసుకెళ్లారు. 1980లో అదే చెరువులో క్రిస్ యేట్స్ తీపి మొక్కజొన్న గింజలతో 23 కిలోలు దాటిన చేపను పట్టాడు. ఈలోగా 1970ల చివర లెన్ మిడిల్టన్, కెవిన్ మాడక్స్ అనే ఇద్దరు తొట్టెలో చేపలను దగ్గరగా చూసి, ముల్లు గుచ్చిన ఎరను అవి ఎలా పసిగట్టి వదిలేస్తున్నాయో తెలుసుకున్నారు. ఎరను ముల్లుకు గుచ్చడం మానేసి, ముల్లు వెనక నుంచి వేలాడే వెంట్రుకకు కట్టారు. మొదట్లో అది నిజంగా మనిషి వెంట్రుకే. 1981లో మాడక్స్ తన పుస్తకంలో ఆ కిటుకు బయటపెట్టాడు. హెయిర్ రిగ్ అన్న పేరు ప్రపంచమంతా పాకింది.

ఆ కట్టు కట్టడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. మెత్తటి అల్లిక దారం జానెడు తీసుకుని, చివర చిన్న ఉచ్చు వేయాలి. దాన్ని ముల్లు కన్నంలోంచి వెనక్కి దూర్చి, ఉచ్చు ముల్లు వంపు కింద కొద్దిగా వేలాడేలా పట్టుకుని, మిగిలిన దారాన్ని ముల్లు కాడ చుట్టూ ఏడెనిమిది చుట్లు చుట్టి, మళ్లీ అదే కన్నంలోంచి, మొదట దూర్చిన వైపు నుంచే, బయటకు తీయాలి. ముడి వేయకుండానే ముడి పడుతుంది. ఉడికించిన మక్క గింజలు రెండు ఉచ్చుకు ఎక్కించి, జారిపోకుండా గడ్డిపరక ముక్క అడ్డం పెడితే పూర్తయినట్టే. ఎరకూ ముల్లు వంపుకూ మధ్య అర సెంటీమీటరు ఖాళీ ఉండాలి. కట్టు సరిగా ఉందో లేదో అరచేతి మీద తేలిపోతుంది. దారం పట్టుకుని ముల్లును అరచేతి మీదుగా మెల్లగా లాగితే, మొన తనంతట తాను కిందికి తిరిగి చర్మాన్ని అంటాలి. తిరగకపోతే మళ్లీ కట్టాలి. చేప ఊదేసినప్పుడు ఎర ముందు బయటికి పోయి, ఖాళీ ముల్లు వెనకపడి కింది పెదవికి తగులుకుంటుంది. ఈ కట్టు సరిగ్గా కుదిరితే ముల్లు లోపల గొంతులోకి పోవడం అరుదు. గుత్తి ముళ్లకూ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది. స్ప్రింగు చుట్టూ ముళ్లు వేలాడుతున్నప్పుడు ఒకటి నోట్లో ఉంటే మరొకటి కంటికో మొప్పకో పొట్టకో గుచ్చుకుంటుంది. అలా గుచ్చుకున్న పిల్లచేపను తిరిగి నీళ్లలో వదిలినా అది బతుకుతుందని చెప్పలేం.

ఒండ్రు పట్టిన జలాశయంలో ఇంకో జాగ్రత్త కావాలి. బరువైన గుండు మెత్తటి బురదలో దిగబడి ఎరను కూడా లోపలికి లాగేస్తుంది. అలాంటి చోట దారం జానెడు కాదు, మూరెడు ఉండాలి. రెండు మక్క గింజల మధ్య చిన్న బెండు ముక్క గుచ్చితే ఎర తేలికై, బురద మీద నెమ్మదిగా వాలుతుంది. ముల్లు బరువుతో సహా అది మెల్లగా మునుగుతుందో లేదో ముందే బకెట్టు నీళ్లలో వేసి చూసుకోవచ్చు. మునగకుండా తేలితే బెండును గోటితో గిల్లి తగ్గించాలి. ఈ చిన్న పనికి చాలామందికి ఓపిక ఉండదు. కానీ ముద్ద మార్చి మార్చి విసిరేవాడికంటే ఒక్క గింజను సరిగ్గా వాల్చినవాడికే పెద్ద చేప పడే అవకాశం ఎక్కువ.

ఎర విషయంలో ఇక్కడివాళ్లు దుకాణం వైపు చూడాల్సిన అవసరమే లేదు. ఇంగ్లండ్‌లో పెద్ద కార్పుల వేటను మార్చిన గింజల్లో మొక్కజొన్నా శనగలూ ఉన్నాయి. రెండూ ఇక్కడి ఇళ్లలో ఉండేవే. ఒక్కటే షరతు, ఎండు గింజను రోజంతా నానబెట్టి, గోటితో నొక్కితే దిగేదాకా ఉడికించాలి. సగం ఉడికిన గింజ చేప కడుపులో ఉబ్బుతుంది. ఉడికించిన నీళ్లతోనే ఒక రోజు ఉంచితే పులిసి వాసన పెరుగుతుంది. మేత గుప్పెడు గుప్పెడుగా, తరచుగా, ఒకే చోట వేయాలి. తెచ్చిందంతా ఒకేసారి కుమ్మరిస్తే చేప కడుపు నిండి వెళ్లిపోతుంది. చలికాలంలో నీళ్లు చల్లబడ్డప్పుడు చేప తిండి తగ్గిస్తుంది కాబట్టి గుప్పెడు కూడా ఎక్కువే.

మేత వేసి చేపను మరిపించడం దక్కన్‌కు కొత్త విద్య కాదు. కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో కూర్పించిన మానసోల్లాసంలో రాజవినోదాల మధ్య చేపల వేటకూ ఒక భాగం ఉంది. ఏ చేపకు ఏ మేత, గాలం సరంజామా ఎలా ఉండాలి అన్నది అందులో వివరంగా చెప్పారు. జంతుశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో దాన్ని పరిశోధకుల ముందుకు తెచ్చారు. మద్రాసు ప్రెసిడెన్సీలో కలెక్టరుగా చేసిన హెన్రీ సల్లివన్ థామస్ 1887లో మన చెరువుల్లో గాలం వేయడం గురించే ‘ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా’ అని ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. ఇంత వెనక నుంచి వస్తున్న నేర్పును స్ప్రింగు చుట్టూ తిప్పి వదిలేయడం నష్టం.

బరువుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. సీసం విషం. హంసలు చిన్న సీసపు గుళ్లు మింగి చనిపోతున్నాయని తేలాక, 1987 నుంచి బ్రిటన్ 28 గ్రాముల లోపు సీసపు బరువులను చాలావరకు నిషేధించింది. మన జలాశయాలకు శీతాకాలంలో బాతులు వస్తాయి, ఆ నీళ్లు పొలాలకు పారుతాయి. చిన్న సీసపు గుళ్లకు బదులు తగరంవి దొరికితే అవి వాడాలి. దూరం విసరడానికి గుండ్రటి గులకరాయి చాలు. దాన్ని సన్నని నూలుదారంతో కట్టాలి. రాయి ఇరుక్కుంటే దారం తెగి రాయే పోతుంది, చేప, తంగూసు చేతికొస్తాయి. గుండును తంగూసుకు బిగించి కట్టేస్తే, తంగూసు తెగినప్పుడు చేప ఆ గుండును ఈడ్చుకుంటూ ఏ ముళ్లకంపలోనో చిక్కి చస్తుంది. ముల్లు మొనకున్న ఎదురుముల్లును ప్లయర్‌తో నొక్కేస్తే విడిపించడమూ తేలికవుతుంది. తంగూసు వదులు కాకుండా చూసుకుంటే చేప తప్పించుకోదు.

ఇదంతా గాలం వేసేవాడి సొంత ఇష్టమని వదిలేయడానికి లేదు, ఎందుకంటే నీళ్లలోని చేప ఊరికే వచ్చింది కాదు. 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో మత్స్య శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి పీయూష గ్రంథి సారం ఎక్కించి కార్పులతో గుడ్లు పెట్టించారు. అప్పటిదాకా బొచ్చె, రవ్వు, మోసు పిల్లల కోసం వరద నదుల మీదే ఆధారపడాలి. నిలవ నీళ్లలో అవి గుడ్లు పెట్టవు. బంగారుతీగలో బ్యాంకాక్ రకం కూడా అదే ఏడాది కటక్ చేరింది. ఇప్పుడు జలాశయాల్లో పెరిగే కార్పుల్లో ఎక్కువ భాగం ఎవరో డబ్బు పెట్టి కొని వదిలిన పిల్లే. మహారాష్ట్రలో జలాశయాలను మత్స్య సహకార సంఘాలకు లీజుకిస్తారు. సంఘం వదిలిన పిల్ల అరచేతి పొడవు కాగానే గుత్తి ముళ్లకు తగిలి గట్టెక్కితే నష్టం సంఘానిదే. బొచ్చె, రవ్వు రెండో మూడో ఏట గానీ గుడ్లకు రావు, బరువూ అప్పుడే తూగుతాయి.

అలాగని గాలాన్ని నిషేధించమనడం అన్యాయం. మందుగుండు పేల్చి, విషం కలిపి చేపలు చంపడాన్ని 1897 నాటి చట్టమే నేరమంది. గాలం ఆ కోవలోకి రాదు. పేదవాడి కూరకూ, పనిచేసి అలసిన మనిషి సాయంత్రానికీ అది ఆసరా. కోల్‌కతా చుట్టుపక్కల టికెట్ తీసుకుని గాలం వేసుకునే చెరువులు ఎప్పటినుంచో ఉన్నాయి. అక్కడి యజమానికి చేప అమ్మితే వచ్చేదానికి తోడు టికెట్ డబ్బు వస్తుంది, వేటగాడికి దొంగచాటు అవసరం తప్పుతుంది. గడ్‌చాందూర్ చుట్టుపక్కల సంఘాలు ఆ పద్ధతి పెట్టవచ్చు. స్థానికులకు నామమాత్రపు రుసుము, సిమెంటు ఫ్యాక్టరీల కాలనీల నుంచి కార్లలో వచ్చేవాళ్లకు కాస్త ఎక్కువ. టికెట్ వెనక మరాఠీలోనూ తెలుగులోనూ నాలుగు మాటలు: ఒక తంగూసుకు ఒకే ముల్లు, కిలో లోపు చేప తిరిగి నీళ్లలోకి, తడి చేతులతోనే పట్టుకోవాలి, వాగులు పొంగే జులై, ఆగస్టుల్లో గాలం బంద్.

వేసవిలో నీళ్లు లోపలికి జరిగి అడుగు బయటపడ్డప్పుడు, సంఘంవాళ్లూ గాలాలవాళ్లూ కలిసి గట్టు వెంట తెగిపడ్డ తంగూసులు, తుప్పు పట్టిన స్ప్రింగులు ఏరేయడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. టికెట్ పుస్తకం అచ్చు వేయించే లోపు ఒక పూటలో అయ్యే పని అది.