చలివేంద్రం పెట్టలేనివాడికి మేజ్ ఎందుకు?

మా బాబాయి కొడుకు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్లాసిక్ మొదలుపెడదామనుకున్నాడు. ఏ క్లాస్ ఎంచుకోవాలో తేలక మూడు రోజులుగా మొదటి తెర దగ్గరే ఆగిపోయాడు. “అన్నా, మేజ్ తీసుకోనా? అందరూ అదే అంటున్నారు,” అని మెసేజ్ పెట్టాడు. అందరూ అంటే యూట్యూబ్‌లో ఓ నలుగురు. వాళ్ళు చెప్పిన కారణాలు కూడా పంపాడు: బంగారం బాగా వస్తుందిట, ఒక్కడివే ఆడుకోవచ్చుట, ఎవరి కోసమూ ఆగక్కర్లేదుట, డ్యామేజ్ లిస్టులో పైన ఉంటావుట.

ఎంసెట్ కౌన్సెలింగ్ రోజుల్లో “కళ్ళు మూసుకుని సీఎస్‌ఈ పెట్టెయ్” అనే మావయ్యలు ప్రతి ఇంట్లోనూ ఉండేవారు. వాళ్ళు ఆటల్లోకి కూడా వచ్చేశారన్నమాట.

సాహిత్య పత్రికలో ఈ గోల ఎందుకు అనేవాళ్ళు ఉంటారని తెలుసు. 2004 నవంబరులో వచ్చిన ఆట ఇది. 2019 ఆగస్టులో దాన్నే పాత రూపంలో మళ్ళీ తెరిస్తే జనం గంటల తరబడి క్యూలో ఉండి మరీ లోపలికి వెళ్ళారు. మనుషులు అంతంత సమయం కలిసి గడిపే చోట ఎవరు ఎవరికి బాకీ పడతారు, ఎవరు ఎవరిని వాడుకుంటారు అన్నది మాట్లాడుకోవాల్సిన విషయమే.

ముందు ఈ మేజ్ ఎవరో చెప్పాలి. మాంత్రికుడు అనగానే మనకు ‘పాతాళభైరవి’లో ఎస్వీ రంగారావు కళ్ళ ముందుకొస్తాడు. ఈయన అలాంటివాడు కాదు. ఒంటి మీద ఉన్నది ఉత్త గుడ్డ. ఇనుము కాదు, తోలు కూడా కాదు. ప్రాణాన్ని ఏ చిలకలోనో దాచుకునే సౌకర్యమూ లేదు. గుహలో గట్టి శత్రువు చేతికి చిక్కితే నాలుగు దెబ్బలకే నేల కరుస్తాడు. అందుకని ముందు వారియర్ కాచుకోవాలి, వెనక ప్రీస్ట్ గాయాలు మాన్పుతూ ఉండాలి, అప్పుడుగాని ఈయన నిప్పూ మంచూ బయటికి రావు.

దానికి బదులుగా ఈయన ఏమిస్తాడు? నాలుగో లెవెల్లో నీళ్ళు సృష్టించడం నేర్చుకుంటాడు. ఆరో లెవెల్లో తిండి. ఎనిమిదిలో శత్రువును కాసేపు గొర్రెను చేసే మంత్రం. ఇరవైలో తానొక్కడే ఊరికి ఎగిరిపోగలడు, నలభైలో పక్కవాళ్ళందరికీ తలుపు తెరవగలడు. ఈ గొర్రె మంత్రం నాకు భలే ఇష్టం. గొర్రె అయినవాడికి ఎవరి చెయ్యి తగిలినా మంత్రం విడిపోతుంది, పైగా ఆ కాసేపట్లో వాడి గాయాలు గబగబా మానిపోతాయి. అంటే మిగతా నలుగురూ చేతులు కట్టుకుంటేనే అది పనిచేస్తుంది. ఒకరి మాట ఒకరు వినని గుంపులో మేజ్ మంత్రం వేసీ ప్రయోజనం లేదు.

నేను ఈ ఆటలో ప్రీస్ట్‌ని. ప్రతి పోరాటం తరవాతా కూర్చుని నీళ్ళు తాగకపోతే మంత్రశక్తి త్వరగా తిరిగి రాదు, అంగట్లో కొనుక్కుంటే జేబు ఖాళీ. నలభైమంది కలిసి చేసే రెయిడ్‌కి ముందు మేజ్‌లు ఓ పక్కన నిలబడి పది నిమిషాల పాటు నీళ్ళు చేస్తూ, ఒక్కొక్కరికీ చేతికి అందిస్తూ ఉంటారు. మన ఊళ్ళలో ఎండాకాలం చలివేంద్రం ఎలాగో అలాగ. తరవాత వచ్చిన బర్నింగ్ క్రూసేడ్‌లో దీనికో బల్ల పెట్టేశారు, ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకుపోవచ్చు. సౌకర్యమే. కానీ “ఇంకో కట్ట ఇవ్వనా?” అని అడిగే మనిషి మాయమైపోయాడు.

ఇప్పుడా నలుగురూ చెప్పే మేజ్ సంగతి. వాళ్ళు చెప్పేది బూస్టింగ్. డబ్బు కట్టిన ఆసామి గుహ గుమ్మం దగ్గర ఊరికే నిలబడతాడు. మేజ్ లోపలికి పరిగెత్తి, డజన్ల కొద్దీ శత్రువులను వెంటేసుకుని వచ్చి, కాళ్ళకు మంచు కట్టి, పైన మంచువాన కురిపించి అందరినీ ఒకేసారి చంపుతాడు. ఆసామికి లెవెల్ పెరుగుతుంది, మేజ్‌కు బంగారం పెరుగుతుంది. చెయ్యడం తేలికని నేననను. ఒక్క అడుగు తేడా వస్తే చావే. మొదటిసారి చూసినప్పుడు నోరు తెరుచుకుని చూశాను కూడా.

కానీ అందులో ఎవరున్నారో చూడండి. వారియర్ లేడు, ప్రీస్ట్ లేదు, గొర్రె లేదు. బలహీనుడు కాబట్టి నలుగురితో కలవాల్సినవాడు, నలుగురి అవసరం లేకుండా చేసుకున్నాడు. పోనీ, వాడి తెలివి వాడిది అనుకుందామంటే వీల్లేదు, ఎందుకంటే అది వాడితో ఆగలేదు. ముప్ఫై చిల్లర లెవెల్లో ఉన్న కొత్తవాడు “స్కార్లెట్ మొనాస్టరీకి ఇద్దరు కావాలి” అని అరిస్తే, తోడు వస్తామన్న మనిషి కాదు, రేటు వస్తుంది: ఇంత బంగారానికి ఇన్ని రన్‌లు. కొత్తగా గాయాలు మాన్పడం నేర్చుకుంటున్న పిల్ల ఎవరి గాయాలు మాన్పాలి?

“టైమ్ లేదండీ, పిల్లలు పడుకున్నాక గంటే దొరుకుతుంది” అనేవాళ్ళ మాట నాకు అర్థమవుతుంది. నాదీ అదే బతుకు. అయితే ఆ ఒక్క గంటనూ గుమ్మం దగ్గర నిలబడటానికి ఖర్చుపెట్టి, దేనికోసం మిగుల్చుకుంటున్నాం? సినిమా నచ్చకపోతే లేచి వచ్చేయాలి గాని, మన బదులు చూసిపెట్టమని ఇంకొకడికి టిక్కెట్టు డబ్బులిస్తామా?

డ్యామేజ్ లిస్టు సంగతి ఇంకా విచిత్రం. క్లాసిక్‌లో అగ్ని మేజ్‌లకు ఇగ్నైట్ అని ఒకటుంది. గట్టిగా తగిలిన నిప్పుదెబ్బ తరవాత శత్రువు కాసేపు కాలుతూనే ఉంటాడు. ఎంతమంది మేజ్‌లు ఉన్నా మంట మాత్రం ఒకటే. అయిదు దెబ్బల దాకా ఒకదానిమీద ఒకటి పేరుకుంటాయి. లెక్క మాత్రం మొదట అంటించినవాడి పేరు మీద పడుతుంది. మిగతావాళ్ళ కష్టం వాడి ఖాతాలో. శత్రువు కోపం కూడా వాడి మీదే, అందుకని లిస్టులో మొదటిపేరు ఒక్కోసారి నేలమీద పడి ఉంటుంది. ఈ లిస్టు చూసి క్లాస్ ఎంచుకోమనడం ఎంతవరకు సబబో మీరే చెప్పండి. మోల్టెన్ కోర్‌లో అయితే నిప్పు అంటనివాళ్ళే ఎక్కువ. అక్కడ అందరూ బుద్ధిగా మంచు వేసుకుంటూ పోవాల్సిందే.

మేజ్ వద్దని నేననడం లేదు. ఒంటరిగా ఉండటానికీ సంపాదనకీ మేజ్ తీసుకోమని కొత్తవాళ్ళకు బోధించడం తప్పంటున్నాను. తమ్ముడికి కూడా ఇదే రాశాను: నలభైలో తలుపు తెరిచే మంత్రం వస్తుంది, ఒక్కోసారి తెరవడానికి ఇరవై వెండి నాణేల రాయి ఖర్చవుతుంది, దారి తెలియక తిరిగేవాడెవడైనా అడిగితే ఆ ఇరవై పోయినా ఫర్వాలేదు అనిపిస్తే మేజ్ తీసుకో. అనిపించకపోతే రోగ్ తీసుకో, దర్జాగా జేబులు కొట్టుకోవచ్చు.

రెండు రోజులు జవాబు లేదు. నిన్న రాత్రి ఒక బొమ్మ పంపాడు. పొట్టి నోమ్, గులాబి రంగు జుట్టు, నాలుగో లెవెల్, చేతిలో నీళ్ళు. కింద ఒక ప్రశ్న: “అన్నా, వీటికి డబ్బులు అడగొచ్చా?”

ఇస్తే తీసుకో, అడక్కు అన్నాను.