పైరు ఒత్తిడిని కొలిచే యాంటీబాడీలు: నమ్మకం కంటే పరీక్ష ముఖ్యం

బెట్టకు ఆకు చుట్టుకోవడం కంటికి కనిపిస్తుంది. అంతకు ముందే కణంలోని ప్రోటీన్లు మారతాయి. ఉన్న ప్రోటీన్‌కే ఒక ఫాస్ఫేట్ సమూహమో, యుబిక్విటిన్ వంటి చిన్న ప్రోటీనో అతుక్కొని దాని పనితీరును మార్చివేస్తుంది. ఆర్‌ఎన్‌ఏను కొలిచే పరీక్షలకు ఈ మార్పు అందదు. మార్పు జరిగిన భాగాన్ని మాత్రమే గుర్తించే యాంటీబాడీ దానిని పట్టుకోగలదు.

కలుపు మందుల విషయమే చూడవచ్చు. గ్లైఫోసేట్, క్లోర్‌సల్ఫ్యూరాన్ వంటివి మొక్కలో కొన్ని అమైనో ఆమ్లాల తయారీని అడ్డుకుంటాయి. ఆ కొరతను జీసీఎన్2 అనే కైనేజ్ పసిగట్టి, ప్రోటీన్ సంశ్లేషణను ప్రారంభించే ఈఐఎఫ్2 ఆల్ఫాపై ఒక సెరీన్‌కు ఫాస్ఫేట్‌ను చేరుస్తుంది. అరబిడాప్సిస్‌లో ఈ సంగతి 2008 నాటి పరిశోధనల్లో స్పష్టమైంది. జీసీఎన్2 లోపించిన మొక్కల్లో ఆ బ్యాండ్ కనిపించకపోవడమే ఆ ఫలితానికి అసలు బలం.

అటువంటి సాక్ష్యం లేకుండానే మార్కెట్లో దొరికిన యాంటీబాడీని వరి ఆకు రసంపై ప్రయోగించి, కనిపించిన బ్యాండును ఫలితంగా ప్రకటించే ధోరణి ప్రమాదకరం. ఈ యాంటీబాడీల్లో అధికభాగం మనిషి, ఎలుక ప్రోటీన్లను దృష్టిలో ఉంచుకొని తయారైనవి. ఈఐఎఫ్2 ఆల్ఫాలో ఆ సెరీన్ చుట్టూ ఉన్న వరుస జంతువుల్లోనూ మొక్కల్లోనూ దాదాపు ఒకటే కావడం అదృష్టం. ప్రతి ప్రోటీన్‌కూ ఆ అదృష్టం ఉండదు. పైగా ఆకులో కరిగే ప్రోటీన్లలో సగం దాకా రూబిస్కోయే ఉంటుంది. సుమారు 55 కిలోడాల్టన్ల వద్ద దాని పెద్ద ఉపభాగం పరుచుకొని ఉండగా, పక్కనున్న బలహీనమైన బ్యాండును నమ్మడం ఎలా?

ఫాస్ఫటేజ్‌తో శుద్ధి చేసిన నమూనాలో బ్యాండ్ మాయం కావాలి. మొత్తం ప్రోటీన్‌ను గుర్తించే మరో యాంటీబాడీతో పోలిక ఉండాలి. పెప్టైడ్‌ను ముందుగా కలిపి బ్యాండును తొలగించి చూపడం ఒక్కటే చాలదు, ఎందుకంటే అదే యాంటీబాడీ పొరపాటున పట్టుకొన్న బ్యాండ్ కూడా అప్పుడు మాయమవుతుంది. విద్యార్థులు ఈ పరీక్షను మితిమీరి నమ్ముతున్నారు.

పొలం నుంచి నమూనా తెచ్చే తీరు మరింత అశ్రద్ధకు గురవుతోంది. గాయం కూడా జీసీఎన్2ను మేల్కొల్పుతుంది. ఆకును కత్తిరించి, మంచు పెట్టెలో ప్రయోగశాలకు చేర్చే లోగా కొలవబోయేది బెట్ట ప్రభావమా, కత్తెర గాటా అన్నది తేల్చడం కష్టం. పొలంలోనే ద్రవ నత్రజనిలో గడ్డకట్టించని నమూనాతో రకాల మధ్య తేడాలు చెప్పడం సమంజసం కాదు. అలాంటి తేడాల ఆధారంగా బెట్టను తట్టుకొనే రకాన్ని ఎంపిక చేస్తే, తప్పు బయటపడేసరికి ప్రజననకర్త ఎన్నో పంటకాలాలు కోల్పోతాడు.

వరి, వేరుశనగ ప్రోటీన్ల వరుసలకు తగిన పెప్టైడ్‌లతో ఇక్కడే యాంటీబాడీలు తయారు చేయడం అసాధ్యమేమీ కాదు. కుందేలు రక్తరసాన్ని మొదట మార్పులేని పెప్టైడ్ స్తంభం గుండా పంపి, పనికిరాని యాంటీబాడీలను తొలగించాలి. ఆ తరువాతే మార్పు చెందిన పెప్టైడ్‌పై పట్టి వేరుచేయాలి. ఈ పనిలో అనుభవం పశువైద్య శాస్త్రజ్ఞులకు ఉంది. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం వేరుపడే వరకు వారు వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనే ఉండేవారు. ఉమ్మడి ప్రాజెక్టుగా చేపడితే ఖర్చు తగ్గుతుంది. అయితే ఒక కుందేలు రక్తరసం ఆ కుందేలుతోనే ముగుస్తుంది. కాబట్టి ఉపయోగపడిన వాటిని హైబ్రిడోమా కణాలుగా నిలుపుకోవడానికి మొదటి ప్రతిపాదనలోనే నిధులు కోరాలి.