మనిషి గుట్టు, వీధి రట్టు

2024 మే 13. ఆంధ్రప్రదేశ్‌లో శాసనసభకూ లోక్‌సభకూ ఒకేరోజు పోలింగ్. హైదరాబాద్‌లో బస్సెక్కి, సగం దారి నిలబడే ప్రయాణం చేసి, తెల్లారేసరికి ఊళ్లో దిగాను. బడి వరండాలో అప్పటికే ఆడవాళ్లదో వరస, మగవాళ్లదో వరస. పక్క వరసలో ఉన్న మా వీధి పెద్దమ్మ దగ్గరకి రమ్మని సైగ చేసి, చెవిలో అడిగింది:

"ఏ మీట నొక్కానో వాళ్లకి తెలిసిపోద్దంట, నిజమేనంట్రా?"

"తెలీదు పెద్దమ్మా. అక్కడ నువ్వూ మిషనూ తప్ప ఎవరూ ఉండరు" అన్నాను.

ఆ మాట నిజమే. బూత్‌లో మొదటి అధికారి మన పేరు పైకి చదువుతాడు, పార్టీల ఏజెంట్లు తమ జాబితాల్లో టిక్కు పెట్టుకుంటారు. ఎడమ చూపుడు వేలికి సిరా పూస్తారు, రిజిస్టర్‌లో సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. అంతవరకూ అందరి కళ్లూ మన మీదే. అట్టల చాటుకు వెళ్లాక ఇక ఎవరూ చూడరు. మీట నొక్కితే వీవీప్యాట్ అద్దం వెనక చీటీ ఏడు సెకన్లు కనబడి డబ్బాలో పడిపోతుంది. దాని మీద గుర్తు ఉంటుంది గానీ, వేసినవాళ్ల పేరుండదు. రెండు ఓట్లూ వేసి వచ్చిన పెద్దమ్మ మొహంలో ధీమా కనిపించింది.

జూన్ 4న లెక్కింపు అయింది. కొన్నాళ్లకు మా వీధి మురుగుకాలువ సంగతి అడగబోతే స్థానిక నాయకుడొకాయన నవ్వుతూనే అన్నాడు: "మీ బూత్‌లో మాకెన్ని పడ్డాయో చూసుకున్నారా?"

పెద్దమ్మది అమాయకత్వం అనుకున్నాను. అమాయకుణ్ని నేనే.

బ్యాలెట్ కాగితాల కాలంలో వేర్వేరు బూత్‌ల ఓట్లను కలగలిపి లెక్కపెట్టే వీలుండేది. 2004 నుంచి లోక్‌సభ ఎన్నికలు పూర్తిగా యంత్రాలతోనే జరుగుతున్నాయి. ఏ బూత్ యంత్రం లెక్క ఆ బూత్‌దే. ఎవరికెన్ని పడ్డాయో ఫారం 20లో బూత్‌లవారీగా వెల్లడవుతుంది. మనిషి గుట్టు దాగింది, వీధి గుట్టు రట్టయింది.

దీనికి మందు లేకపోలేదు. దాని పేరు టోటలైజర్. కొన్ని యంత్రాలను ఒకేసారి కలిపి, మొత్తం ఫలితం మాత్రమే చూపిస్తుంది. ఎన్నికల సంఘం 2008లోనే దీన్ని ప్రతిపాదించింది. లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్రం మాత్రం ఒప్పుకోలేదు. బూత్ లెక్కలు తెలిస్తే, ఓట్లు తగ్గినచోట పార్టీలు ఇంకా బాగా పనిచేస్తాయన్న వాదన సుప్రీంకోర్టు ముందు వినిపించింది. ఎంత బాగా పనిచేస్తాయో మా కాలువ గట్టున నిలబడితే వాసనే చెబుతుంది.

బూత్ లెక్క దాస్తే మోసాలకు సందు దొరుకుతుందని కొందరి అనుమానం. కొట్టిపారేయదగ్గది కాదు. కానీ ఏ బూత్‌లో మొత్తం ఎన్ని ఓట్లు పోలయ్యాయో ఫారం 17సీలో రాసి ఏజెంట్లకు ఇస్తూనే ఉన్నారు. అది అలాగే ఉండనివ్వండి, సరిచూసుకోనివ్వండి. ఎవరికెన్ని అన్నది మాత్రం పది బూత్‌లకు కలిపి చెప్పండి.

వచ్చే ఎన్నికల్లోనూ పెద్దమ్మ అదే మాట అడుగుతుంది. ఈసారి నేను అబద్ధమాడకుండా బదులు చెప్పాలంటే పాలకులు ఒక్క పని చెయ్యాలి. బూత్‌లో మనిషికిచ్చిన చాటును లెక్కింపులో వీధికీ ఇవ్వండి.