కప్పు కొట్టిన జట్లకే ఎంట్రీ లేదు.. వన్డే మాజీ ఛాంపియన్లకు ఏమైంది?

1975, 1979.. వన్డే వరల్డ్ కప్ మొదలైన కొత్తలో వరుసగా రెండుసార్లూ విజేత వెస్టిండీసే. 1983లోనూ ఫైనల్ దాకా వచ్చి కపిల్ సేన చేతిలో ఓడింది. అలాంటి జట్టు 2023లో మన దేశంలో జరిగిన వరల్డ్ కప్‌లో కనిపించనే లేదు. హరారేలో క్వాలిఫయర్ మ్యాచ్‌లో స్కాట్లాండ్ 7 వికెట్ల తేడాతో ఓడించడంతో ఇంటిదారి పట్టింది. విండీస్ లేని వన్డే వరల్డ్ కప్ అదే మొదటిది.

దెబ్బ అక్కడితో ఆగలేదు. 2025 ఛాంపియన్స్ ట్రోఫీకి ఆతిథ్య పాకిస్థాన్ పోగా, మిగతా ఏడు జట్లను 2023 వరల్డ్ కప్ స్థానాలను బట్టే తీసుకున్నారు. వరల్డ్ కప్ ఆడని విండీస్‌కు ఇక్కడా నో ఎంట్రీ. 2004లో ఈ ట్రోఫీ గెలిచింది వాళ్లే! 1996 వరల్డ్ ఛాంపియన్ శ్రీలంకదీ దాదాపు అదే కథ. 2002లో భారత్‌తో కలిసి ట్రోఫీ పంచుకున్న లంక.. 2023లో తొమ్మిదో స్థానంలో నిలిచి ఛాన్స్ పోగొట్టుకుంది. అఫ్గానిస్థాన్, బంగ్లాదేశ్ మాత్రం ఆడాయి.

డైరెక్ట్ ఎంట్రీ దొరికిన పాకిస్థాన్ అయినా మెరిసిందా అంటే అదీ లేదు. 2017 విజేతగా, సొంతగడ్డపై దిగి ఒక్క మ్యాచ్ కూడా గెలవకుండా గ్రూప్ దశలోనే ఔట్. కప్పు మాత్రం భారత్ ఎగరేసుకుపోయింది.

అంటే పాత కప్పులకు మార్కులు లేవన్నమాట. పైగా ఒక టోర్నీ మిస్సయితే, ఆ ఎఫెక్ట్ తర్వాతి టోర్నీపైనా పడుతుంది.

2027 వరల్డ్ కప్‌లో 10 కాదు, 14 జట్లు ఆడతాయి. ఆతిథ్య దక్షిణాఫ్రికా, జింబాబ్వే నేరుగా వస్తాయి. మరో 8 బెర్తులు ర్యాంకింగ్స్‌తో, 4 బెర్తులు క్వాలిఫయర్‌తో తేలతాయి. సీట్లు పెరిగాయి కాబట్టి విండీస్‌కు ఇది మంచి ఛాన్సే. ఈసారీ మిస్సయితే మాత్రం సాకు చెప్పడానికి ఏమీ ఉండదు.