ఐనో ఏడ్చినప్పుడు

మా సంఘంలో ఒక యువకుడు తల్లిని పోగొట్టుకున్నాడు. భూస్థాపన జరిగిన రోజు అతను వెక్కివెక్కి ఏడుస్తుంటే భుజం మీద చెయ్యి వేసి, ‘అమ్మ ప్రభువు దగ్గరుంది. విశ్వాసులం, మనం ఏడవకూడదు బాబూ’ అన్నాను. పాతికేళ్ల సేవలో ఈ మాట ఎన్ని సమాధుల దగ్గర అన్నానో లెక్కలేదు. అతను కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత మెల్లగా ఆరాధనకు రావడం తగ్గించాడు. కొన్ని నెలలకు వాళ్ల నాన్నగారు కంగారుగా వచ్చారు. ‘అయ్యగారూ, వీడు రాత్రంతా చెవుల్లో ఏవో దయ్యాల అరుపులు పెట్టుకుని పడుకుంటున్నాడు. ప్రార్థన చేయండి’ అన్నారు.

ప్రార్థన చేశాను. తర్వాత ఆ అబ్బాయినే అడిగి ఆ అరుపులేమిటో నేనూ విన్నాను.

అది ఫిన్లాండు దేశానికి చెందిన అమోర్ఫిస్ అనే బృందం 1994లో విడుదల చేసిన ‘టేల్స్ ఫ్రమ్ ద థౌజండ్ లేక్స్’ అనే ఆల్బమ్. ఆ సంగీతాన్ని డెత్ మెటల్ అంటారు. గిటార్ల శ్రుతి బాగా కిందికి దించి ఉంటుంది, డ్రమ్ములు ఉరుముతుంటాయి. గాయకుడు టోమి కోయివుసారి కడుపులోంచి గర్జిస్తాడు. మాట ఒక్కటీ అర్థం కాదు. మొదటిసారి నాకు తలనొప్పే మిగిలింది. రెండోసారి ఆ గర్జన కింద జానపద రాగం లాంటిదేదో వినిపించింది. మూడోసారి అది అరుపులా అనిపించలేదు, మూలుగులా అనిపించింది. ఉచ్చరించలేని మూలుగుల గురించి రోమా పత్రిక 8వ అధ్యాయం మీద నేను ఎన్నో ప్రసంగాలు చేశాను. మూలుగు ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆ పాటల్లోని మాటలు వారు సొంతంగా రాసుకున్నవి కావు. ‘కలేవల’ అనే ఫిన్నిష్ కావ్యానికి వచ్చిన ఇంగ్లీషు అనువాదం నుంచి తీసుకున్నవి. ఎలియాస్ లోన్‌రోట్ అనే వైద్యుడు కరేలియా పల్లెల్లో తిరిగి, ముసలివాళ్లు పాడే పాటలు రాసుకుని, కూర్చి 1835లో ఆ కావ్యాన్ని ప్రచురించాడు. 1849లో దాన్ని 50 పర్వాలకు, 22,795 పాదాలకు పెంచాడు. ఈయన గురించి చదివినప్పుడు నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది. అన్యదేవతల కథలతో నిండిన ఆ పాటలను పోగుచేసిన చేతులే ఫిన్లాండు లూథరన్ సంఘపు కీర్తనల పుస్తకాన్ని సవరించే పనిలోనూ ఏళ్లతరబడి శ్రమించాయి. ఆయన స్వయంగా కీర్తనలు కూడా రాశాడు.

ఆ ఆల్బమ్‌లో నీట మునిగిన కన్య గురించి ఒక పాట ఉంది. ఆమె పేరు ఐనో. ఆమె అన్న పాటల పోటీలో ముసలి మాంత్రికుడు వైనామోయినెన్ చేతిలో ఓడిపోయి, ప్రాణం దక్కించుకోవడానికి చెల్లెల్ని ఇస్తానని మాటిస్తాడు. గొప్ప సంబంధమని తల్లి సంబరపడుతుంది. పిల్ల మాత్రం ఏడుస్తుంది. అప్పుడు తల్లి ఏమంటుందో తెలుసా? ఏడవకు, వెన్న తిను, కొట్టుగదిలో పెట్టె తెరిచి మంచి బట్టలు, నగలు వేసుకో అంటుంది. ఐనో ఆ బట్టలు వేసుకునే సముద్రం వైపు నడిచింది. తిరిగి రాలేదు. ఆ కబురు విన్నాక తల్లి ఏడ్చిన కన్నీరు మూడు నదులై పారిందని కావ్యం చెబుతుంది.

సమాధి దగ్గర నేనన్న మాట ఆ తల్లి అన్న మాటే కదా!

ఒకటి స్పష్టంగా చెప్పాలి. ఇలాంటి సంగీతమంతా మంచిదని నేననడం లేదు. ఫిన్లాండు నుంచే క్రీస్తు నామాన్ని బాహాటంగా దూషించే బృందాలు కూడా వచ్చాయి. వాటిని సమర్థించడం నా వల్ల కాదు. పిల్లలు ఏం వింటున్నారో తల్లిదండ్రులు కనిపెట్టాల్సిందే. కానీ కనిపెట్టడమంటే గది బయట నిలబడి దయ్యాన్ని గద్దించడం కాదు, పక్కన కూర్చుని వినడం. ఆ అబ్బాయిని పట్టుకున్నది సాతాను కాదు. అతని దుఃఖమంత బరువున్న శబ్దం అతనికి ఆ పాటల్లో దొరికింది. మన దగ్గర దొరకలేదు.

నిజానికి మన దగ్గర లేక కాదు. 150 కీర్తనల్లో సుమారు మూడో వంతు విలాపాలేనని సెమినరీలో నేర్చుకున్నాను, పరీక్షల్లోనూ రాశాను. గుళ్లో మాత్రం స్తుతి కీర్తనలే ఏరి చదివిస్తాను. లాజరు సమాధి దగ్గర ప్రభువే కన్నీరు విడిచాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసినది కూడా నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దనే గాని, అసలు దుఃఖమే పడవద్దని కాదు. ఐనోకూ కీర్తనాకారుడికీ ఒక్కటే తేడా. ఆమె తన గోడుతో నీళ్లలోకి వెళ్లింది. అతను దేవుడే తనను విడిచాడని అంటూ కూడా ఆ దేవుని వైపే తిరిగి మొరపెట్టాడు. ఆ తేడా ఆ అబ్బాయికి ఎవరు చెప్పాలి? నోరు నొక్కినవాడు చెబితే వింటాడా?

ఫిన్లాండు లూథరన్లు 2006లో హెల్సింకిలో మెటల్ ఆరాధన ఒకటి మొదలుపెట్టారు. ఆరాధన క్రమం తమదే, కీర్తనలు తమ పుస్తకంలోవే, సంగీతం మాత్రం మెటల్. మన గుళ్లలోనూ అలా చేయమని నేననను. హార్మోనియం పక్కన డ్రమ్ సెట్ పెట్టినప్పుడే మా సంఘంలో ఎంత గొడవైందో నాకు తెలుసు!

నేను చేసింది చిన్న పని. ఆ అబ్బాయిని ఇంటికి పిలిచి, ఆ రోజు నేనన్న మాట తప్పని చెప్పాను. అతను వాళ్ల అమ్మ గురించి రెండు గంటలు మాట్లాడాడు, ఏడ్చాడు. నేను అడ్డు చెప్పలేదు. తర్వాతి ఆదివారం ప్రసంగానికి 88వ కీర్తన తీసుకుని, పూర్తిగా చదివాను. అది చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఆరాధన అయ్యాక సంఘ పెద్ద ఒకాయన బైబిలు తెరిచి పట్టుకుని నా దగ్గరికొచ్చారు. ‘అయ్యగారూ, చివర ఆదరణ వచనం లేదేమిటండీ? మీరు చదవడం మరిచారేమోనని చూస్తున్నాను’ అన్నారు.

‘లేదండీ, అంతవరకే ఉంది’ అన్నాను.

ఆయన చాలాసేపు ఆ పేజీ వైపే చూస్తూ నిలబడ్డారు. రెండేళ్ల కిందట ఆయన కూతురు పోయింది.